గుర్రానికి లెక్కలు చెప్పిన మాస్టారు

మధ్యాహ్నం కావస్తుండగా బెర్లిన్ నగరం ఉత్తర భాగంలోని ఒక పెరటి ఆవరణలోకి జనం చేరుకునేవారు. చుట్టూ ఎత్తైన అద్దె ఇళ్లు, నడుమ రాళ్లు పరిచిన నేల. తెల్లని జుట్టుపై వెడల్పాటి అంచు గల నల్ల టోపీ ధరించిన ఒక వృద్ధుడు, ఆయన పక్కన నిగనిగలాడే రష్యా జాతి మగ గుర్రం. వృద్ధుడు ప్రశ్న వేసేవారు. గుర్రం కుడి ముందుకాలి గిట్టతో నేలను తట్టి సమాధానం చెప్పేది. మూడు, అయిదు కూడితే ఎంత అంటే ఎనిమిది సార్లు తట్టి ఆగిపోయేది. చూడవచ్చిన వారి వద్ద పైసా కూడా వసూలు చేసేవారు కారు. 1904లో యూరప్ పత్రికలలో మారుమోగిన ఆ గుర్రం పేరు హాన్స్. దాని గురువు పేరు విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్. గుర్రం పేరు నేటికీ మనస్తత్వశాస్త్ర పాఠ్యగ్రంథాలలో నిలిచి ఉంది. గురువు మాత్రం దాని నీడలోనే ఉండిపోయారు.

బడి విడిచినా పాఠం విడవలేదు

ఓస్టెన్ 1838లో జన్మించారు. వృత్తిరీత్యా ఉన్నత పాఠశాలలో గణిత ఉపాధ్యాయులు. తల ఆకృతిని బట్టి మనిషి బుద్ధిని అంచనా వేయవచ్చనే కపాల శాస్త్రంపై ఆయనకు గట్టి నమ్మకం. ఆ శాస్త్రం తరువాతి కాలంలో శాస్త్రం కాకుండాపోయింది కానీ, ఆనాడు చదువుకున్నవారిలోనూ దానికి ఆదరణ ఉండేది. మనిషికీ జంతువుకూ బంధుత్వం ఉందని డార్విన్ చాటిన తరువాత, జంతువులకు ఎంతటి బుద్ధి ఉన్నదనే ప్రశ్న పండితుల సభలలోనూ, పత్రికలలోనూ విడవకుండా సాగుతున్న రోజులవి. ఓస్టెన్ ఆ ప్రశ్నను తన పద్ధతిలో తేల్చాలనుకున్నారు. జంతువుకు బుద్ధి లేక కాదు, ఓపికగా చదువు చెప్పినవారు లేక అది మూగదై ఉండిపోయిందన్నది ఆయన విశ్వాసం. పిల్లలకు చెప్పినట్టే చెబితే గుర్రమూ నేర్చుకుంటుందని ఆయన భావించారు.

తొలుత ఆయన వద్ద మరొక గుర్రం ఉండేది. దాని పేరు కూడా హాన్సే. అది మరణించిన తరువాత 1900 ప్రాంతంలో ఆయన ఈ రెండవ హాన్స్‌ను కొనుగోలు చేశారు. అప్పటినుంచి దాదాపు నాలుగేళ్లపాటు రోజూ తరగతి జరిగింది. విద్యార్థి ఒక్కటే, గురువు ఒక్కరే.

బోధనా పద్ధతిని గమనిస్తే, నేటి ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు కూడా మెచ్చుకోక తప్పదు. మొదట బల్లపై చెక్క బొంగరాల వంటి గూటాలను వరుసగా నిలిపేవారు. ఒకటి అంటూ గుర్రం కాలిని చేతితో ఎత్తి నేలకు తాకించేవారు. తరువాత రెండు, ఆ తరువాత మూడు. కూడిక అనే భావన తెలిపేందుకు కొన్ని గూటాలను గుడ్డ చాటున దాచి, గుడ్డ తొలగిస్తూ మరియు అనే మాటను ఉచ్చరించేవారు. కొంతకాలానికి గూటాల స్థానంలో పూసల చట్రం వచ్చింది. తరువాత నల్లబల్లపై అంకెలు వచ్చాయి. అక్షరాల పట్టిక ఒకటి తయారు చేశారు. అందులో ప్రతి అక్షరానికీ ఒక అడ్డువరుస, ఒక నిలువువరుస ఉండేవి. గుర్రం ముందు వరుస సంఖ్యను, పిదప ఆ వరుసలో అక్షరం స్థానాన్ని తట్టి చూపాలి. ఆ విధంగా మాటలు కూర్చేది. సరైన సమాధానానికి రొట్టె ముక్క, క్యారెట్ ముక్క, లేదా పంచదార పలుకు. కొరడా ప్రయోగం దాదాపు లేదు.

1904 నాటికి హాన్స్ భిన్నాలు కూడా చేసేది. అయిదింట రెండు వంతులకు సగం కలిపితే ఎంత అని అడిగితే ముందు తొమ్మిది సార్లు, ఆపైన పది సార్లు తట్టేది. పదింట తొమ్మిది అన్నమాట. తేదీలు, గడియారంలో వేళలు, నాణేల విలువలు చెప్పేది. అవునంటే తల కిందికి ఆడించేది, కాదంటే అడ్డంగా ఊపేది. రంగు గుడ్డలలో అడిగిన దానిని నోట కరచి తెచ్చేది.

గంగిరెద్దు, సర్కసు గుర్రం

జంతువు తల ఊపి ప్రశ్నలకు బదులివ్వడం మన ప్రాంతవాసులకు కొత్త ముచ్చట కాదు. సంక్రాంతి వేళ గడపగడపకూ వచ్చే గంగిరెద్దు ఇంటి యజమానురాలికి దండం పెడుతుంది, దీవిస్తావా అంటే తల ఆడిస్తుంది. అర్థం తెలియకపోయినా తల ఊపేవారిని గంగిరెద్దుతో పోల్చడం మన భాషలో పాత మాటే. ఎద్దును ఆడించేవాడు చేతి తాడును ఎప్పుడు ఎటు కదిలిస్తున్నాడో ప్రేక్షకులు పట్టించుకోరు. పట్టించుకున్నా తప్పుపట్టరు. అది ఆట అని ఇద్దరికీ తెలుసు.

గుర్రానికి చిన్న చిన్న విద్యలు నేర్పేవారి పద్ధతీ ఇటువంటిదే. వంగి నమస్కరించడం నేర్పేందుకు ముందుకాళ్ల మధ్య నుంచి క్యారెట్ చూపుతారు. దాని కోసం మెడ వంచిన గుర్రానికి ఆ ముక్క దక్కుతుంది. నాలుగైదు రోజులకు క్యారెట్ లేకున్నా చేతి సైగకే వంగుతుంది. కాలు తట్టించేందుకు మోకాలి కింద కర్ర కొసతో మెల్లగా తాకుతారు. గుర్రం కాలు ఎత్తగానే ముక్క పెడతారు. తల అడ్డంగా ఊపించేందుకు జూలు మొదట్లో ఈగ వాలినట్టు గిలిగింత పెడతారు. ఆపైన అసలు మెలకువ ఏమిటంటే, సైగను రోజురోజుకూ తగ్గిస్తూ పోవడం. కర్ర తాకిడి కర్ర ఊపుగా, ఊపు వేలి కదలికగా, చివరకు భుజం కాస్త వాల్చడంగా మారుతుంది. ప్రేక్షకుడికి సైగ కనిపించదు, గుర్రానికి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. 16వ శతాబ్దం చివరిలో లండన్‌లో విలియం బ్యాంక్స్ అనే వ్యక్తి మరోకో అనే గుర్రంతో నాణేలు లెక్కపెట్టించి పేరు గడించాడు. ఫ్రాన్స్‌కు వెళ్లినప్పుడు మంత్రగాడనే అపవాదు కూడా మోశాడు. అంటే ఓస్టెన్ నాటికి ఈ విద్యకు 300 ఏళ్ల చరిత్ర ఉంది.

అయితే ఓస్టెన్ ఈ పోలికను సహించేవారు కారు. తన గుర్రం గారడీ చేయడం లేదని, చదువుకున్నదని ఆయన వాదన. రుసుము తీసుకోకపోవడానికి కారణమూ అదే. ఆయనకు కావలసింది ధనం కాదు, శాస్త్రజ్ఞుల గుర్తింపు. 1902లో సైనిక వర్గాలు చదివే పత్రికలో ప్రకటన వేసినా స్పందన అంతంత మాత్రమే. 1904లో పత్రికలు ఒక్కసారిగా ఆ ఆవరణ వైపు తిరిగాయి. ఆఫ్రికా యాత్రికుడు కార్ల్ గేయోర్గ్ షిలింగ్స్ స్వయంగా వచ్చి, ఓస్టెన్ లేని సమయంలో హాన్స్‌ను ప్రశ్నించి, సరైన జవాబులు రాబట్టారు. యజమాని లేకున్నా గుర్రం చెప్పిందంటే మోసానికి తావెక్కడ అని అనుమానించేవారు సైతం మెత్తబడ్డారు. ఆ ఏడాది సెప్టెంబరులో వార్త న్యూయార్క్ పత్రికల వరకు పాకింది.

పదమూడు మంది పెద్దలు

సెప్టెంబరులోనే ఒక పరిశీలక బృందం ఏర్పడింది. సభ్యులు 13 మంది. బెర్లిన్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర ఆచార్యులు కార్ల్ స్టుంఫ్, బెర్లిన్ జంతు ప్రదర్శనశాల డైరెక్టర్ లుడ్విగ్ హెక్, పశువైద్యుడు, శరీరధర్మశాస్త్ర ఆచార్యుడు, సైనికాధికారులు, బడిపంతుళ్లు అందులో ఉన్నారు. సర్కసు అధిపతి పౌల్ బుష్ కూడా ఒకరు. గుర్రాలకు సైగలు నేర్పే మర్మాలన్నీ ఎరిగిన వ్యక్తి ఆయన. మిగిలినవారు పట్టలేని గుట్టును ఆయన పడతారని ఆశ.

బుష్‌కు ఏమీ దొరకలేదు. సెప్టెంబరు 12న బృందం ఇచ్చిన ప్రకటన సారాంశం ఏమంటే, ఇక్కడ ఉద్దేశపూర్వకమైన సంజ్ఞలు ఏవీ లేవు, ఇంతవరకు తెలిసిన గారడీ పద్ధతులు ఏవీ కనిపించలేదు, విషయం లోతైన పరిశీలనకు అర్హం. గుర్రం ఆలోచిస్తున్నదని అందులో ఎక్కడా లేదు. అయినా పత్రికలు అలాగే అర్థం చెప్పాయి. ఓస్టెన్ కూడా అలాగే అర్థం చేసుకున్నారు. ఆ కొద్ది వారాలే ఆయన జీవితంలో అత్యంత సంతోషకరమైన కాలమని భావించవచ్చు. నాలుగేళ్లు అవహేళన భరించిన వృద్ధుడి ముంగిటికి ఆచార్యులు, సేనానులు వచ్చి నిలబడ్డారు.

గుడారంలో తేలిన నిజం

లోతైన పరిశీలనను స్టుంఫ్ తన శిష్యుడు ఓస్కార్ ఫుంగ్స్ట్‌కు అప్పగించారు. అక్టోబరు, నవంబరు నెలలలో ఆయన ప్రయోగాలు సాగించారు. గాలికి, గుమిగూడే జనానికి దూరంగా ఆవరణలోనే ఒక గుడారం వేయించారు. ఆయన వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది. అడిగేవారికి సమాధానం తెలియకపోతే గుర్రం చెప్పగలదా?

అంకెలు రాసిన అట్టలను గుర్రానికి చూపారు. అట్టపై ఏముందో పట్టుకున్నవారికి తెలిసినప్పుడు నూటికి 98 జవాబులు ఒప్పు. పట్టుకున్నవారు అట్టను చూడనప్పుడు నూటికి 8 మాత్రమే ఒప్పు. ఇంకొక పరీక్షలో ఓస్టెన్ ఒక సంఖ్యను, ఫుంగ్స్ట్ వేరొక సంఖ్యను ఎవరికి వారు గుర్రం చెవిలో చెప్పారు. మొత్తం ఎంతో అక్కడ తెలియవలసింది హాన్స్ ఒక్కదానికే. పసిపిల్లలకు సైతం వచ్చే ఆ చిన్న కూడిక హాన్స్‌కు రాలేదు.

తరువాత జట్కా గుర్రానికి కట్టే తరహా కళ్లగంతలను ఇంకా పెద్దవిగా చేయించి కట్టారు. ప్రశ్నించేవారు కనబడుతున్నప్పుడు నూటికి 89 ఒప్పు. కనబడనప్పుడు 6. గుర్రం మెడ తిప్పి, పగ్గం లాగి, మనిషిని చూసేందుకు నానా తంటాలు పడింది. చెవితో వినే ప్రశ్నకు కళ్లతో ఏమి పని? గుట్టు అక్కడే ఉన్నది.

ఫుంగ్స్ట్ గుర్రాన్ని విడిచి మనిషిని గమనించడం మొదలుపెట్టారు. ప్రశ్న వేసిన ప్రతివారూ గుర్రం గిట్టను చూసేందుకు తలను, నడుమును అతి స్వల్పంగా ముందుకు వంచుతారు. అది చూసి గుర్రం తట్టడం ప్రారంభిస్తుంది. మనసులో ఉన్న సంఖ్య దగ్గరపడే కొద్దీ ఉత్కంఠ పెరుగుతుంది. సంఖ్య రాగానే బిగువు సడలి తల వెంట్రుకవాసి పైకి లేస్తుంది. అంతే, గుర్రం ఆగిపోతుంది. ఈ కదలిక చేసేవారికే తెలియదు, పక్కనున్నవారికి కనిపించదు. ఓస్టెన్ ధరించే టోపీ వెడల్పాటి అంచు ఆ కదలికను మరికొంత పెద్దదిగా చూపేది. తలకు ఇరుపక్కలా కళ్లు గల గుర్రం తన చుట్టూ దాదాపు అన్ని దిక్కులూ చూడగలదు. మందలో మసలే జంతువు కనుక తోటివాటి ఒంటి కదలికను క్షణంలో పసిగట్టడం దానికి ప్రాణరక్షణ. గడ్డిభూములలో పెంపొందిన ఆ నేర్పే బెర్లిన్ పెరటిలో క్యారెట్ సంపాదించేందుకు ఉపయోగపడింది. షిలింగ్స్‌కు జవాబులు వచ్చిన రహస్యమూ ఇదే. ఆయన తల కూడా అందరి తలల వలెనే కదిలింది.

కీలకం దొరికాక ఫుంగ్స్ట్ ప్రశ్నే అడగకుండా ఊరక ముందుకు వంగేవారు. హాన్స్ తట్టడం మొదలుపెట్టేది. ఆయన తల ఎత్తేవారు. ఆగిపోయేది. ఈ విధంగా ఏ సంఖ్యనైనా దానితో చెప్పించగలిగారు. అంతటితో ఊరుకోక ప్రయోగశాలలో తానే గుర్రం పాత్ర వహించారు. 25 మందిని ఒక్కొక్కరిగా పిలిచి ఏదో ఒక సంఖ్యను మనసులో తలచుకోమన్నారు. తాను కుడి చేతితో బల్లను తడుతూ వారి తలలను కనిపెట్టారు. ఇద్దరు తప్ప మిగిలిన అందరిలోనూ అదే కదలిక. తమ తల కదిలిన సంగతి వారెవరూ ఎరుగరు.

డిసెంబరు 9న నివేదిక వెలువడింది. అందులో ఓస్టెన్ మోసగాడు కాదని స్పష్టంగా ఉంది. ఆయన చేసిన ప్రతి సైగా ఆయనకు తెలియకుండానే జరిగిందని తేల్చారు. లోకం దృష్టిలో అది నిర్దోషిత్వం. ఓస్టెన్ దృష్టిలో అది అంతకన్నా పెద్ద శిక్ష. మోసగాడన్న నింద వస్తే కాదని వాదించుకోవచ్చు. నాలుగేళ్లు పాఠం చెప్పినా శిష్యుడు పాఠం వైపు చూడనే లేదు, గురువు ముఖం వైపే చూశాడన్న మాటకు ఏ ఉపాధ్యాయుడు బదులు చెప్పగలడు?

ఆయన మాట్లాడిన ప్రతి అక్షరమూ గుర్రం చెవికి చేరింది కానీ, దానికి పనికివచ్చినది ఒక్కటీ లేదు. గూటాలు, పూసలు, అక్షరాల పట్టిక అన్నీ వ్యర్థమే. అయినా బోధన జరగలేదని అనడానికి వీలులేదు. సరైన సంఖ్య వద్ద ఆగినప్పుడల్లా ముక్క పెట్టారు. ఆగవలసిన క్షణాన్ని తన తలతో చూపారు. సర్కసులో నెలల తరబడి పనిగట్టుకుని నేర్పే సూక్ష్మమైన సైగను ఓస్టెన్ అనుకోకుండానే, అంతకంటే నేర్పుగా నేర్పారు. పౌల్ బుష్ వంటి ఆరితేరినవాడు పట్టుకోలేకపోయినది అందుకే. ఆయన వెదికినది దాచిన సైగ కోసం. ఇక్కడ దాచినవారు ఎవరూ లేరు.

మన తరగతి గదులలోనూ ఇది అపురూపం కాదు. నోటి లెక్క అడిగిన మాస్టారి కనుబొమలు చూసి జవాబును సగంలో దిద్దుకునే విద్యార్థి ఏ ఊరి బడిలోనైనా కనిపిస్తాడు. వాడు మందబుద్ధి కాడు. వాడు చదువుతున్నది వేరొక పుస్తకం, అంతే.

గుర్రంపై కోపం, శాస్త్రంపై అలక

పరీక్షలు విఫలమవుతున్నప్పుడు ఓస్టెన్ మొదట విస్తుపోయారు. ఆపైన హాన్స్‌పై మండిపడ్డారు. తెలిసిన లెక్కకు తప్పు జవాబు చెప్పి నలుగురిలో పరువు తీసిన విద్యార్థిపై ఉపాధ్యాయుడు ఎలా కోపగించుకుంటారో అచ్చం అలాగే. గుర్రానికి లెక్క రాదనే ఆలోచన ఆయన మదిలో నిలవలేదు. వచ్చిన లెక్కనే మొండితనంతో చెప్పడం లేదని నమ్మారు. మరునాటికి పాత విశ్వాసం యథాతథంగా తిరిగివచ్చేది. నివేదిక తరువాత ఆయన శాస్త్రజ్ఞులకు తలుపులు మూసివేశారు. ఇకపై పరీక్షలకు అనుమతి లేదన్నారు. సామాన్యులకు ప్రదర్శనలు మాత్రం కొనసాగించారు. జనమూ వస్తూనే ఉన్నారు. 1907లో ఫుంగ్స్ట్ తన ప్రయోగాలను గ్రంథంగా ప్రకటించారు. 1911లో అది ఆంగ్లంలోకి వచ్చింది.

ఇక్కడ ఓస్టెన్‌ను మూర్ఖుడని కొట్టిపారేయడం తేలిక. అయితే ఆయన ఆవరణలోకి వచ్చిన ప్రముఖులలో ఎందరో ఆయనతో పాటే నమ్మారు. పైగా ఆయన ఏనాడూ గుట్టు దాచలేదు. తన గుర్రాన్ని పరాయివారి చేతికి ఇచ్చి ప్రశ్నించుకోనిచ్చారు. పరీక్షలకు తొలుత తానే ఒప్పుకున్నారు. ఆయన అలా ఒప్పుకోకపోతే ఫుంగ్స్ట్ ప్రయోగమే జరిగేది కాదు. ఆయన లోపం నిజాయతీలో కాదు, వచ్చిన ఫలితాన్ని అంగీకరించడంలో. నాలుగేళ్ల శ్రమను ఒక్క శరత్కాలంలో వదులుకోవడం 66 ఏళ్ల మనిషికి సాధ్యం కాలేదు.

ఆ ప్రయోగాల ఫలం మాత్రం గుర్రాలతో ఆగలేదు. పరీక్షించేవారి ఆశ పరీక్ష ఫలితాన్ని తెలియకుండానే మార్చగలదన్న మాటకు హాన్స్ పేరు పర్యాయపదమైంది. కొత్త మందును పరీక్షించేటప్పుడు ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్త బిళ్ల ఇచ్చారో రోగికే కాక వైద్యుడికీ తెలియనివ్వకపోవడం వెనుక ఉన్నదీ ఇదే జాగ్రత్త. 2011లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మాదకద్రవ్యాలు, పేలుడు పదార్థాలు పసిగట్టే జాగిలాలను పరీక్షించారు. వాసన ఏదీ లేని గదులలోనూ, ఉందని శిక్షకులు నమ్మిన చోట జాగిలాలు పట్టుకున్నట్టు నమోదైన సందర్భాలు ఎక్కువగా కనిపించాయి. శిక్షకులు ఎవరూ అబద్ధమాడలేదు. వందేళ్లకు పైగా గడిచినా ఓస్టెన్ టోపీ ఇంకా కదులుతూనే ఉందన్నమాట.

తరువాతి యజమాని

1909 జూన్ 29న ఓస్టెన్ కన్నుమూశారు. అప్పటికీ ఆయన నమ్మకం చెక్కుచెదరలేదు. హాన్స్ ఎల్బర్‌ఫెల్డ్ పట్టణానికి చెందిన కార్ల్ క్రాల్ అనే సంపన్న నగల వ్యాపారికి చేరింది. క్రాల్ అంతకు ముందు నుంచే ఓస్టెన్‌కు అండగా నిలిచిన వ్యక్తి. ఆయన హాన్స్‌తో ఆగక మరికొన్ని గుర్రాలకు చదువు ప్రారంభించారు. వాటిలో మహమ్మద్, జరీఫ్ అనే రెండు గుర్రాలు వర్గమూలాలు కూడా కడతాయన్న ఖ్యాతి పొందాయి. 1912లో క్రాల్ ఆలోచించే జంతువుల గురించి పెద్ద గ్రంథం వెలువరించారు. ఫుంగ్స్ట్ వాదాన్ని అందులో ఖండించారు. పండితులు మళ్లీ రెండు వర్గాలుగా చీలారు.

ఆ వివాదం తేలకముందే యుద్ధం వచ్చింది. 1914లో జర్మనీ సైన్యానికి లక్షల సంఖ్యలో గుర్రాలు అవసరమయ్యాయి. బండ్లు, ఫిరంగులు లాగేందుకు దొరికిన గుర్రాన్నల్లా తోలుకుపోయారు. వాటిలో హాన్స్ కూడా ఉన్నది. 1916 తరువాత దాని జాడ లేదు.